కులం లేని పిజ్జా

కావలి,
జూన్ 25.

చిరంజీవి ఫేబీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. అక్కడ హైదరాబాదులో నువ్వు కూడా వేళకు తిని, వేళకు పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. క్షేమం అన్నానే గాని శాంతంగా ఉన్నానని అనలేదు. నువ్వు నా నంబరును బ్లాక్ చేసి ఇరవై రెండు రోజులైంది. ఇరవై రెండు రోజులుగా నేను కోపంగానే ఉన్నాను. బడిలో పాఠం చెబుతున్నా కోపమే, చారు తాలింపు వేస్తున్నా కోపమే. మనిషి గొంతు వినపడకుండా ఒక బొత్తాం నొక్కి మూసేయడం మీ తరం కనిపెట్టిన కొత్త వెలి. ఊళ్ళో పెద్దమనుషులు వెలి వేయడానికి కనీసం నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. తెచ్చిన పోస్ట్‌మ్యాన్ మస్తాన్ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మేడం, కోర్టు కాయితమా?" అన్నాడు. మా అమ్మాయి రాసిందని చెప్పాను. "అట్టయితే ఏదో గొడవే అయ్యుంటది. బాగుండేవాళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటారు గదా" అని బండి తిప్పుకుని పోయాడు. తపాలా శాఖకు కూడా మన సంగతి తెలిసిపోయింది.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. నాన్న మాత్రలు వేసుకుంటున్నాడా, అమ్మమ్మ కన్ను ఎలా ఉంది, నువ్వు తయారుచేసిన ఫోన్ ఆటను నేను చివరిదాకా ఆడానా, ఆ రోజు మన ఇంట్లో సహపంక్తి భోజనం జరిగినప్పుడు అమ్మమ్మ ఎక్కడ కూర్చుని తిన్నది. 'నీ వ్యాసం పత్రికలో వేసుకో, వద్దనను. నాలుగో ప్రశ్నకు జవాబు రాసి వేసుకో. అప్పటిదాకా నాతో మాట్లాడకు' అని ముగించావు. సంతకం కూడా పెట్టలేదు. సరే. వరసగా చెబుతాను.

మీ నాన్న మాత్రలు వేసుకుంటున్నాడు. మందుల షాపు నడిపే మనిషికి మందు మింగమని రోజూ ఇంకో మనిషి చెప్పాల్సి రావడం మీద కూడా ఒక వ్యాసం రాయొచ్చు. "బిడ్డకు కోపంగా రాయబాక, నిదానంగా రాయి" అని చెప్పి షాపుకు పోయాడు. నిదానంగానే రాస్తున్నాను.

అమ్మమ్మ కుడి కన్ను బాగుంది. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు మన ఇంట్లో ఉంది. "మీ ఇంట్లో సముద్రం ఇనపడదు, నిద్ర పట్టదు" అని జువ్వలదిన్నెకు వెళ్ళిపోయింది. వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ కదిలాయి కదా, హార్బరు దగ్గర నెత్తళ్ళ చేపలు కొని, చర్చి వెనక ఇసుకలో పాత వల పరిచి ఎండబెడుతోంది. చేపల గంప ఎత్తుకుని బస్సులెక్కడం మాత్రం మానేసింది. బుచ్చిరెడ్డిపాలెం దాకా తిరిగిన కాళ్ళు ఇప్పుడు చర్చి మెట్లు కూడా ఎక్కలేకపోతున్నాయి. కొనేవాళ్ళే ఇంటికి వస్తున్నారు.

ఇక మూడో ప్రశ్న. ఇక్కడే నీకూ నాకూ యుద్ధం.

'రేవు' అని పేరు పెట్టావు ఆటకు. సముద్రం ఒడ్డున ఒక పల్లె, అందులో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి ఊళ్ళోవాళ్ళ మెప్పు సంపాదిస్తూ ఒక్కో లెవెల్ దాటి, చివరికి ఏడో లెవెల్లో తన ఇంట్లో అందరికీ విందు పెట్టాలి. నడవాలన్నా, నీళ్ళు తోడాలన్నా ఓపిక కావాలి. ఓపిక రావాలంటే తినాలి. దొరికిన సరుకులు సంచిలో వేసుకుని, పొయ్యి దగ్గర వాటిని కలిపి వంటకం తయారుచేసుకోవాలి. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. పని చేస్తేనే తిండి అని పిల్లలకు చెప్పే ఆటను నేనెందుకు కాదంటాను?

కానీ ఏ వంటకానికి ఎంత ఓపిక అని రాశావో చూడు. రెండు పిడికెళ్ళ గోధుమపిండి, ఒక టమోటా, ఒక ఉల్లిగడ్డ, ఒక క్యాప్సికం, ఒక ముక్క చీజు. ఇవి కలిపి పది అంకెలు లెక్కపెట్టేలోగా వెజిటబుల్ పిజ్జా. దానికి ఓపిక ఎనభై. మీ అమ్మమ్మ ఎండబెట్టే నెత్తళ్ళకు ఎనిమిది. అదీ చాలక, నెత్తళ్ళు సంచిలో ఉన్నంతసేపూ సంచి మీద పచ్చటి పొగ. ఆ పొగ చూసి ఊళ్ళోవాళ్ళు రెండడుగులు వెనక్కి జరుగుతారు. పలకరిస్తే తల తిప్పుకుంటారు. జువ్వలదిన్నె లాంటి ఊళ్ళో చేపల వాసనకు ముక్కు మూసుకునే జనం ఎక్కడి నుంచి వచ్చారే? ఆ రేవులో పడవల మీద చీజు దిగుతోంది. ఎవరు దింపుతున్నారు, ఏ దేశం నుంచి దింపుతున్నారు, దానికి ఫ్రిజ్ ఎక్కడుంది, ఏమీ లేదు. ఆకాశం నుంచి పడినట్టు పిజ్జా వచ్చి కూర్చుంది. కొన్ని వందల ఏళ్ళుగా ఒక తీరాన్ని బతికించిన తిండి మాత్రం అక్కడ పొగ అయిపోయింది.

నేను అంతగా మండిపడటానికి కారణం అంకె కాదు. సెలవుల్లో స్పెషల్ క్లాసులకు వెళ్ళినప్పుడు స్టాఫ్ రూములో జరిగింది విను. మా బడిలో లెక్కలు చెప్పే రేవతి, మా సహపంక్తి వేదికలో కొత్తగా చేరిన పిల్ల, నీ ఆటకు వీరాభిమాని. నాకు ఫోన్లో ఎక్కించి నేర్పించింది కూడా తనే. రెండో లెవెల్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదని అడిగాను.

"నెత్తళ్ళు సంచిలో పెట్టుకుని తిరిగితే ఎవురు మాట్లాడతారు మేడం? పారేసెయ్యండి" అంది.

"ఎందుకు పారెయ్యాలి?"

"ఆడ ఏట్లోకి ఇసిరేసే బొమ్మ ఉండాది చూడండి. నొక్కండి. పిజ్జా చేసుకుంటే సాలు, నెత్తళ్ళతో పనే ల్యా. అందరం అట్టే చేసినాం."

"నువ్వు ఇంట్లో చేపలు తింటావు కదమ్మా రేవతీ?"

"తింటాను. అది ఇల్లు, ఇది గేము. మీరు అన్నిట్లో ఉద్యమం ఎతుకుతారు మేడం, గెలిచేది ఎప్పుడు?"

నేను నొక్కాను. పారేశాను. వెంటనే ఊళ్ళోవాళ్ళు నవ్వుతూ దగ్గరికొచ్చారు. ఆ నవ్వులు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే కూర్చుని వ్యాసం రాశాను. 'జువ్వలదిన్నెలో పిజ్జా పొయ్యి' అని శీర్షిక. పుట్టిన పేట వాసనను ఓడిపోవడానికి గుర్తుగా మార్చిన వాళ్ళలో నా కూతురు కూడా ఒకరని, అయినా తల్లిగా కాక పాఠకుల పక్షాన నిలదీస్తున్నానని రాశాను. కామాక్షయ్య గారి 'నిలదీత' పత్రిక జూలై సంచికకు పంపి, సగం పేరాలు వేదిక గ్రూపులో పెట్టాను. అది చేతులు మారి నీ ఆఫీసు దాకా వెళ్ళింది. మీ వాళ్ళు నీ ముందే చదివి నవ్వుకున్నారని రాశావు. ఆ ఒక్క విషయానికి బాధపడుతున్నాను. మిగతా దేనికీ బాధపడటం లేదు.

'అది ఆటలో నియమం అమ్మా, నా అభిప్రాయం కాదు' అన్నావు. బావి దగ్గర గీత గీసి, ఇటువైపు వాళ్ళు అటు రాకూడదన్నవాడు కూడా అది తన అభిప్రాయం అనలేదు. ఆచారం అన్నాడు. నియమం రాసే చేతిలో అభిప్రాయం ఉండదనే మాటను నేను ఒప్పుకోను.

అయితే, ఆడానా లేదా అన్నదానికి సూటిగా జవాబు చెప్పాలి. వ్యాసం రాసేనాటికి రెండో లెవెల్ దగ్గరే ఆగిపోయాను. పది పేజీలు తిప్పి పుస్తకం మీద సమీక్ష రాసేవాళ్ళను ముప్పై ఏళ్ళుగా తిడుతున్నదాన్ని, నేనూ అదే పని చేశాను. ఇది నువ్వు పట్టుకున్న తప్పు. ఒప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం రాగానే, ఆ ఆదివారం మీ నాన్నను చర్చికి పంపేసి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటేసరికి ఏడో లెవెల్ చేరాను. ఇల్లు కనబడింది. మొదట అది బొమ్మ ఇల్లే. తర్వాత పెరటి వైపు తిప్పితే మేడ మెట్లు, మెట్ల కింద నీలం డ్రమ్ము, డ్రమ్ము పక్కన అంచు విరిగిన చాకిరేవు బండ కనబడ్డాయి. మనం అద్దెకున్న పాత ఇల్లు, ఫేబీ. గోడకు తగిలించిన బల్లి బొమ్మతో సహా గీశావు.

బల్ల మీద పిజ్జాలు. చుట్టూ అతిథులు. పెరటి గేటు దగ్గర ఒక ముసలామె గంపతో నిలబడి ఉంది. తెర మీద రెండు గుర్తులు వచ్చాయి. ఒకటి తలుపు, ఇంకొకటి మెట్లు.

నేను మెట్లు నొక్కాను.

ఆలోచించి నొక్కలేదు. ఆలోచించి ఉంటే తలుపు నొక్కేదాన్ని, ఎందుకంటే ఆలోచించినప్పుడు నేను చాలా మంచిదాన్ని. బొటనవేలు తనంతట తానే మెట్ల మీదికి పోయింది. ముసలామె మేడ ఎక్కింది. కింద అతిథులు చప్పట్లు కొట్టారు, విందు విజయవంతమైందని అక్షరాలు పడ్డాయి. తర్వాత దృశ్యం మేడ మీదికి మారింది. ఆమె గంప పక్కన కూర్చుని ఉంది. ఆ అమ్మాయి పైకి వచ్చి సంచి తెరిచింది. నెత్తళ్ళు ఉంటే ఇద్దరూ కలిసి తింటారని రేవతి తర్వాత వెతికి చెప్పింది. నా సంచిలో లేవు, రెండో లెవెల్లోనే ఏట్లోకి విసిరేశాను. అమ్మాయి ఖాళీ సంచి చూపించింది. ముసలామె ఆ సంచి వైపు చూసి, సముద్రం వైపు తిరిగింది. ఆట అయిపోయింది.

నువ్వు చేసింది నాకు అర్థమైంది. అయినా ఒక మాట చెబుతాను, కొట్టిపారేయకు. నీ ఆటను ఏడో లెవెల్ దాకా ఎంతమంది ఆడతారు? రేవతి లాంటిది కూడా తలుపు, మెట్లు ఏది నొక్కిందో గుర్తు లేదంది. రెండో లెవెల్లో ఆపేసినవాళ్ళు చేపలు కంపు కొడతాయి, పిజ్జా గొప్పది అని నేర్చుకుని పోతారు. నిజాన్ని ఏడో తాళం వెనక దాచి, అబద్ధాన్ని వాకిట్లో పెట్టడం నీ కళలో లోపం. నా చదువులో లోపం మాత్రమే అనకు. ఈ వాదన నేను వదలను. ముఖాముఖి కూర్చుంటే ఇంకా గట్టిగా వాదిస్తాను.

ఇక నాలుగోది. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూ వచ్చానని నీకు తెలుసు.

పదిహేనేళ్ళ కిందటి మార్చి నెల. నువ్వు ఆరో తరగతి. సమతా సహపంక్తి వేదిక పెట్టి అప్పటికి రెండేళ్ళు. నెలకొక సభ్యుడి ఇంట్లో అన్ని కులాలవాళ్ళం ఒకే వరసలో కూర్చుని తినాలని మా నియమం. పద్మనాభయ్య గారింట్లో తిన్నాం, సుకుమార్ ఇంట్లో తిన్నాం. చర్చి వీధి నుంచి వచ్చిన సభ్యురాలిని నేనొక్కదాన్నే. నా వంతు వచ్చింది. వారం ముందు అధ్యక్షుడు, కాలేజీ లెక్చరరు పద్మనాభయ్య గారు ఫోన్ చేశారు.

"క్యాథరిన్ గారూ, మెనూ అందరికీ అనుకూలంగా ఉండేట్టు చూస్తారు కదా. అంటే, శాకాహారం అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"అలాగే సార్" అన్నాను. మైకు ముందు అంత గొంతున్న మనిషిని, ఫోన్లో ఆ రెండు మాటలే అన్నాను.

పప్పు, సాంబారు, రెండు కూరలు వండొచ్చు. మీ నాన్న అదే చెప్పాడు. నేను వద్దన్నాను. ట్రంకు రోడ్డులో కొత్త బేకరీ పెట్టారు, వెజిటబుల్ పిజ్జా చేస్తున్నారు, అది తెప్పిద్దామన్నాను. క్యాబేజీ, క్యారెట్ తురుము, పైన తియ్యటి చీజు వేసిన రొట్టె. అందరూ కూర్చున్నాక నేను లేచి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పప్పుకు కులం ఉంది, పులుసుకు కులం ఉంది, ఆఖరికి పచ్చడికీ ఉంది. ఈ పిజ్జాకు మాత్రం కులం లేదు, అందుకే ఈ రోజు మన పంక్తిలోకి వచ్చింది అన్నాను. చప్పట్లు కొట్టారు. కామాక్షయ్య గారు ఆ మాటను పత్రికలో కూడా వేశారు. పదిహేనేళ్ళ తర్వాత నువ్వు ఎనభై ఓపిక ఇచ్చిన పిజ్జా అదే. అమెరికా నుంచి వచ్చిందని వ్యాసంలో రాశాను. అది వచ్చింది నా నోట్లోంచి.

ఎందుకు తెప్పించానో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకు కూడా. నా వంటింట్లో, నా గిన్నెల్లో వండింది వాళ్ళు తింటారో లేదో నాకు తెలియదు. రెండేళ్ళు వాళ్ళందరి ఇళ్ళలో తిన్నాను. నా వంతు వచ్చేసరికి భయం వేసింది. ఎవరైనా రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటే, ఎవరైనా ఉపవాసం అంటే, నాకు తెలిసిపోతుంది. తెలియకుండా ఉండటానికే బేకరీకి వెళ్ళాను. కులాన్ని పోగొట్టే భోజనంలో నా గిన్నె నుంచి ఒక్క మెతుకు కూడా ఎవరూ తినాల్సిన అవసరం రాకుండా నేనే ఏర్పాటు చేశాను. వాళ్ళకు పరీక్ష పెట్టనేలేదు. అందుకే అందరూ పాసయ్యారు.

అమ్మమ్మ చెప్పకుండా వచ్చింది. పెరటి గేటు దగ్గర గంప దించి, స్టీలు క్యాను చూపించి, "వంజరం చేప పులుసు. మామిడికాయేసి చేసినా. మీ సభ వాళ్ళకు" అంది.

"అమ్మా, మేడ మీద నీడ ఉంది. కాసేపు అక్కడ కూర్చో. మీటింగు అయిపోతుంది."

"అన్నం కాడ మీటింగేందిమే?"

"గంప కూడా తీసుకుపో."

గంప కూడా అన్నప్పుడు ఆమె నా ముఖం చూసింది. క్యాను నా చేతికిచ్చి, గంప ఎత్తుకుని మెట్లెక్కింది. నువ్వు మెట్ల కింద నిలబడి ఉన్నావు. నిన్ను నేను చూశాను. చూడనట్టు లోపలికి వచ్చాను.

నీ ప్రశ్నకు జవాబు ఇదీ: ఆమె ఎక్కడా కూర్చుని తినలేదు. చర్చలు సాయంత్రం దాకా సాగాయి. నేను మేడ సంగతి మరిచిపోయాను. మరిచిపోయాననే పదిహేనేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి రెండుసార్లు గుర్తొచ్చింది, రెండుసార్లూ లేవలేదు. ఆమె తనంతట తాను దిగి పెరటి దారిన బస్సుకు పోయింది. తిన్నావా అని నేను ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు.

ఇంకొకటి ఉంది, అది నీకు తెలియదు. పులుసు చెడిపోయిందని మీకు చెప్పాను. ఆ పులుసు మూడు రోజులైనా చెడదు, రెండో రోజే ఇంకా రుచి. పద్మనాభయ్య గారు కాగితాలు మరిచిపోయి, రాత్రికి మళ్ళీ వస్తానని ఫోన్ చేశారు. ఇంట్లో వాసన ఉంటుందని, క్యాను మొత్తం పెరటి కాలవలో పారబోసి, రెండు బకెట్ల నీళ్ళు కొట్టాను. ఆయన రానేలేదు.

ఆట ముగిసిన మర్నాడు, సోమవారం, బడి కాగానే బస్సెక్కి జువ్వలదిన్నె వెళ్ళాను. అమ్మమ్మ చర్చి వెనక నెత్తళ్ళను చీపురు పొరకతో తిరగేస్తోంది.

"ఏందిమే, ఆదివారం కాని రోజు వస్తివి? అల్లుడితో పోట్లాడినావా?"

"లేదమ్మా. ఒక సంగతి చెప్పాలి."

"చెప్పు. ఎండకు అడ్డం నిలబడబాక, చేపలు ఆరాల."

చెప్పాను. మేడ సంగతి, పిజ్జా సంగతి, భయం సంగతి. ఆమె పొరక ఆపలేదు.

"ఇది నువ్వు నాకు చెప్పేదేంది? మేడ మీద కూర్చున్నది నేను గదా. నీ మొకాన చెమటలు కారతా ఉండె. బిడ్డ ఎవురికో బయపడతా ఉండాదిలే అని ఎక్కినా. గాలి బాగానే వస్తా ఉండె ఆడ."

"నన్ను క్షమించమ్మా."

"అట్టాంటియ్యి పాస్టరయ్యకు చెప్పుకో. నాకు కోపం ల్యా. మేడ మీద కూర్చుంటే ఏం, నా పులుసు కింద తిన్నారు గదా."

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మీ నాన్న అయితే మూసుకునేవాడు. నిజం మొత్తం చెప్పాలనే జబ్బు నాకు, అదీ పదిహేనేళ్ళు ఆలస్యంగా.

"తినలేదమ్మా. పారబోశాను."

పొరక ఆగింది. "ఎవురూ తినలా?"

"లేదు."

"ఆ లెక్చరరు సారు?"

"లేదమ్మా."

"నువ్వు?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఇసుకలో కూర్చుంది. నాకు ఆమె ఏడుస్తుందేమోనని భయం వేసింది. ఏడవలేదు. పొరకను నా కాళ్ళ మీదికి విసిరింది.

"పదిహేనేండ్లు చెప్పుకున్నానే. ఈ పేటలో ఏ అరుగు మీద కూర్చున్నా అదే చెప్పినా. మా క్యాథరిన్ ఇంట్లో అన్ని కులాలోళ్ళూ నా చేతి పులుసు తిన్నారని. పెద్ద పెద్ద సదువులోళ్ళు ఏళ్ళు నాకినారని. కన్ను కోసిన డాక్టరమ్మకు కూడా చెప్పినా. ఇప్పుడు నేను అబద్దాల దాన్నయినానా?"

"నువ్వు కాదమ్మా, నేను."

"చెప్పింది నీ నోరా, నా నోరా?"

నేను పొరక తీసి ఆమె పక్కన పెట్టాను. ఆమె లేచి నెత్తళ్ళన్నీ గంపకెత్తింది. బస్సు వచ్చే వేళకు వెనకాలే వచ్చి చెప్పింది. "ఆళ్ళను పిలువు. ఆ రోజు వచ్చినోళ్ళలో ఎంతమంది ఉంటే అంతమందిని. నీ ఇంటికి కాదు, నా ఇంటికి. తింటేనే నా మాట నిలబడేది."

అందుకని జూలై ఐదు, ఆదివారం మధ్యాహ్నం, జువ్వలదిన్నెలో అమ్మమ్మ ఇంట్లో సహపంక్తి. నా వ్యాసం జూలై సంచికలో రాదు. వెనక్కి ఇచ్చేయమని కామాక్షయ్య గారికి ఫోన్ చేశాను.

"పేజీలు కట్టేసినాం మేడం. ఖాళీగా వదలమంటారా?"

"ఇంకోటి ఇస్తాను."

"దేని మీద?"

"నా మీద."

"ఎన్ని పేజీలొస్తది?" అన్నాడు. ఆయన పత్రికాధిపతి, ఏం చేస్తాడు పాపం. భోజనానికి వస్తానన్నాడు. రేవతి వస్తానంది, ఆ రోజు రాకపోయినా ఈ రోజు తన పేరు కూడా రాసుకోమంది. సుకుమార్ ఆలోచించి చెబుతానన్నాడు. నాకు ఆ మాట వినగానే కోపం వచ్చింది, ఫోన్ పెట్టేశాను. పద్మనాభయ్య గారు మొదట సంతోషించారు.

"చాలా మంచి ఆలోచన క్యాథరిన్ గారూ. మెనూ ఏమిటి?"

"వంజరం పులుసు సార్. మా అమ్మ చేస్తుంది."

"మరి శాకాహారులకు..."

"అన్నం ఉంటుంది, పప్పు ఉంటుంది, మజ్జిగ ఉంటుంది. అవి కూడా ఆ ఇంటి కుండల్లోవే సార్."

"ఆ రోజు నెల్లూరులో ఏదో పని ఉన్నట్టుంది. చూస్తానమ్మా" అన్నారు.

ఆయన చేప తినకపోవడం ఆయన ఇష్టం. దాని మీద నాకు తగవు లేదు. తనకు పడనిదాన్ని అందరికీ పడనిదిగా చెప్పడం, దానికి నేను 'అలాగే సార్' అనడం, వీటి మీదే తగవు. మొదటిదానికి ఆయన జవాబు చెప్పుకోవాలి. రెండోదానికి నేను నీకు ఇప్పుడు చెప్పాను.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అమ్మమ్మ దగ్గర ఆ మాటకు ఏం విలువ ఉందో చూసి వచ్చాను. నంబరు తెరవమని కూడా అడగను. ఆట మీద నా విమర్శ అలాగే ఉంది, నువ్వు వస్తే అందరి ముందూ చెబుతాను, నువ్వూ అందరి ముందూ నన్ను అడుగు.

నిన్న అమ్మమ్మకు ఫోన్ చేసి ఎవరు వస్తున్నారో, ఎవరు అనుమానమో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పద్మనాభయ్య గారు రాకపోవచ్చమ్మా, ఆయన ఆకు వేయాలా వద్దా అని అడిగాను.

"ఎయ్యి. పేరు చెప్పి మరీ ఎయ్యి. రాకపోతే దాన్ని ఎవురూ తియ్యబాకండి. తినేవాళ్ళందరూ ఆ ఆకును చూసుకుంటా తినాల" అంది.

దాని పక్కనే నీకూ ఒక ఆకు వేస్తోంది. వస్తావో రావో నువ్వు నాకు రాయనక్కర్లేదు.

ఇట్లు,
అమ్మమ్మను మేడ ఎక్కించిన మీ అమ్మ,
క్యాథరిన్